శరీరములో నీరు, ఉప్పు – సెలైన్ సీసా దగ్గర నర్సు పని

(వికారాబాదు, తాండూరు ప్రాంతముల సంఘస్థుల కూడికలో నర్సుల పక్షమున చేసిన ప్రసంగ పాఠము)

 శతాబ్ది సంచికలో వేయుటకు ఏదైనా ఒక ఉపయోగకరమైన సంగతి చెప్పమని పెద్దలు అడిగినారు. పుస్తకములలోని పెద్ద సంగతులకన్న, మేము ప్రతి దినము చేతితో చేసే పనిని గురించి చెప్పుటే మంచిదని తలంచినాము. ఆ పని సెలైన్ ఎక్కించుట.

వికారాబాదు మొదలు తాండూరు వరకు ఏ ఆసుపత్రిలోనైనా మాకు తరచుగా వినబడే మాట ఒకటున్నది. “సిస్టరమ్మా, మనిషి మస్తు నీరసమైండు, రెండు సీసాలు ఎక్కియ్యరాదూ, జర బలమొస్తది.” ఇది ప్రేమతో అనే మాటే. కాని దీని వెనుక రెండు అపాయములు ఉన్నవి. అవసరము లేని వారికి సీసా ఎక్కించుట మొదటిది. సీసా కొరకు పట్నానికి బండి వెదుకుతూ, ఇంటిలోనే ఆ క్షణమున మొదలుపెట్టవలసిన వైద్యమును మానివేయుట రెండవది. ఈ రెండవ దాని వలన పసిపిల్లల ప్రాణములు పోవుచున్నవి. కనుక సీసా ఎవరికి కావలెను, ఎవరికి అక్కరలేదు అనే సంగతి ప్రతి కుటుంబమునకు తెలిసియుండవలెను.

శరీరములోని లెక్క

పెద్ద మనిషి బరువులో ఇంచుమించు నూటికి 60 పాళ్లు నీరే. 60 కిలోల మనిషిలో 36 లీటర్ల నీరు ఉంటుందన్నమాట. అందులో మూడింట రెండు వంతులు కణముల లోపల, ఒక వంతు బయట ఉంటుంది. రక్తనాళములలో రక్తపు ద్రవముగా తిరిగేది సుమారు 3 లీటర్లు మాత్రమే. పుట్టిన బిడ్డ శరీరములో నీటి పాలు ఇంకా ఎక్కువ, నూటికి 70 పాళ్లకు పైనే. బిడ్డ చిన్నది, నిలువ తక్కువ. అందువలన తండ్రి ఓర్చుకొనగలిగిన విరేచనములకు చంటిబిడ్డ ఒక పూటలోనే వాడిపోతుంది.

ఈ నీరు వట్టి నీరు కాదు, అందులో లవణములు కరిగి ఉన్నవి. కణముల బయట సోడియం, లోపల పొటాషియం ముఖ్యమైనవి. రక్తములో సోడియం లీటరుకు 135 నుండి 145 మిల్లీ ఈక్వివలెంట్లు, పొటాషియం 3.5 నుండి 5 వరకు ఉండవలెను. సోడియం బాగా తగ్గితే మగత, తికమక మాటలు, ఫిట్స్ వస్తవి. ముసలివారు ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడితే గాలి సోకిందని ఇంటివారు అనుకొనుట మేము చూచుచున్నాము. రక్తపరీక్ష చేస్తే కొందరిలో సోడియం పడిపోయి ఉంటుంది. పొటాషియం తగ్గితే కాళ్లు చేతులు సత్తువ తప్పుతవి, కడుపు ఉబ్బుతుంది. అది తగ్గినా, మితిమీరి పెరిగినా గుండె లయ తప్పుతుంది.

తాండూరు వారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. నాపరాళ్ల గనులలోను, పాలిషు మిషన్ల దగ్గరను ఎండాకాలములో పని చేసేవారి ఒంటి చొక్కాపై తెల్లని చారలు కనబడుతవి. అది చెమటతో పోయిన ఉప్పే. అంత చెమట పోసిన మనిషి రోజంతా వట్టి నీళ్లే కడుపు నిండా తాగితే నీరు తిరిగి వస్తుంది గాని ఉప్పు రాదు. అప్పుడు పిక్కలు, పొట్ట కండరములు పట్టివేస్తవి. వారికి ఉప్పు వేసిన సల్ల, ఉప్పు వేసిన గంజి మంచివి. రక్తపోటు, మూత్రపిండముల జబ్బు ఉన్నవారు మాత్రము ఉప్పు విషయము డాక్టరు నడిగి నడుచుకొనవలెను. ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతుంటే అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి విసురుతూ ఆసుపత్రికి తేవలెను. స్పృహ తప్పినవారి నోటిలో ఏమియు పోయరాదు.

సీసాలో ఏమున్నది?

నార్మల్ సెలైన్ అనేది లీటరు నీటిలో 9 గ్రాముల ఉప్పు. అరలీటరు సీసాలో ఉన్నది 4.5 గ్రాములు. గ్లూకోజు సీసా అంటే నూరు మిల్లీలీటర్లకు 5 గ్రాముల చక్కెర పదార్థము. అరలీటరు సీసాలో 25 గ్రాములు, దాని శక్తి నూరు కేలరీలకు లోపే. మన ఇండ్లలో చేసే ఒక జొన్నరొట్టెలో అంతకన్న ఎక్కువ బలమున్నది. విటమిన్ల మందు కలిపితే సీసా పసుపు పచ్చగా కనబడుతుంది. ఆ రంగు చూచి అది ఎక్కువ బలమని అనుకొనవద్దు. మూడవది రింగర్ లాక్టేట్. దీనిలో సోడియంతో పాటు కొంచెము పొటాషియం, కాల్షియం, లాక్టేట్ ఉన్నవి. తీవ్రమైన విరేచనములలో సాధారణముగా దీనిని ఎన్నుకొందురు.

మరి సీసా ఎవరికి? స్పృహ లేనివారికి, తాగినదెల్ల వాంతి చేసుకొనేవారికి, విరేచనములతో నాడి అందకుండా పోయినవారికి, ఆపరేషను అయి నోటితో తీసుకొనలేని వారికి, ఒళ్లు కాలినవారికి, రక్తము ఎక్కువ పోయినవారికి. వీరికి సీసా ప్రాణమే. తాగగలిగి, తాగినది నిలుపుకొనగలిగిన మనిషికి నోరే మంచి దారి.

సీసా పెట్టిన తరువాత

సూది గుచ్చుటతో నర్సు పని అయిపోయినదని చాలామంది అనుకొందురు. నిజమునకు పని అప్పుడే మొదలవుతుంది. మొదట డాక్టరు వ్రాసిన ద్రవము అదేనా, గడువు తేదీ దాటలేదా, ద్రవము మసకగా లేదా, సీసాకు చీలిక ఉన్నదా అని చూస్తాము. చేతులు కడుగుకొని, కొత్త సూది, కొత్త గొట్టముతో గాలి బుడగలు లేకుండా మొదలుపెడతాము.

తరువాత చుక్కల లెక్క. సాధారణమైన గొట్టములో 20 చుక్కలు కలిస్తే ఒక మిల్లీలీటరు. అరలీటరు సీసా 8 గంటలలో పోవలెనంటే నిమిషమునకు సుమారు 21 చుక్కలు. అదే 4 గంటలలో అయితే 42. చిన్నపిల్లలకు 60 చుక్కలు ఒక మిల్లీలీటరు అయ్యే సన్నని గొట్టము వాడుతాము. ఈ లెక్క తెలియక, బస్సుకు ఆలస్యమవుతుందని రోగి బంధువులే చక్రము తిప్పి వేగము పెంచుట ఉన్నది. దయచేసి అట్లు చేయవద్దు. ముసలివారికి, గుండె జబ్బు, మూత్రపిండముల జబ్బు ఉన్నవారికి ద్రవము వేగముగా ఎక్కితే అది ఊపిరితిత్తులలోకి చేరుతుంది. దగ్గు, ఆయాసము, పడుకొనలేకపోవుట కనబడితే మేము వెంటనే ద్రవము ఆపి, రోగిని కూర్చుండబెట్టి, డాక్టరును పిలుస్తాము.

పొటాషియం మందు విషయములో మాకు నేర్పిన కట్టడ ఒకటున్నది. దానిని నేరుగా నరములోకి సిరంజితో ఎప్పుడును నెట్టరాదు. సీసాలో బాగుగా కలిపి, నెమ్మదిగా, మూత్రము వస్తున్నదని చూచుకొని ఎక్కించవలెను. లేనియెడల గుండె నిలిచిపోవచ్చును.

లోపలికి పోయినది, బయటికి వచ్చినది గంట గంటకు వ్రాస్తాము. పెద్దవారికి గంటకు 30 మిల్లీలీటర్లైనా మూత్రము రావలెను. అందుకే “మూత్రము పారబోయవద్దు, మాకు చూపండి” అని అడుగుతాము. దినమునకు ఒకసారి బరువు చూస్తాము. ఒక్క దినములో కిలో పెరిగితే అది కండ కాదు, లీటరు నీరు. సూది ఉన్నచోట వాపు, ఎరుపు, మంట ఉన్నదేమో తడిమి చూస్తాము. నొప్పిగా ఉన్నదని చెప్పుటకు రోగులు మొగమాటపడవద్దు. కావలివాడు లేని చేను ఎట్లో, చూచేవారు లేని సీసా అట్లే. ఇంటిలో మంచపు కోడుకు కట్టి, సూది గుచ్చినవారు వేరే ఊరికి వెళ్లిపోయే సీసాకు మేము భయపడేది అందుకే.

నోటి దారి ఎట్లు దొరికినది?

ఐరోపాలో కలరా వ్యాపించిన రోజులలో, ఓషాగ్నెస్సీ అనే యువ వైద్యుడు రోగుల రక్తమును పరీక్షించి నీరు, లవణములు తగ్గినవని కనుగొన్నాడు. ఈయనే తరువాత కలకత్తా వచ్చి మన దేశములో టెలిగ్రాఫు వేయించినవాడు. ఆయన మాటను ఆధారము చేసుకొని 1832లో స్కాట్లాండులో థామస్ లాటా నరము ద్వారా ఉప్పునీరు ఎక్కించి కొందరిని బ్రతికించినాడు. సీసా వైద్యమునకు అదే మొదలు.

1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయమున లక్షలాది శరణార్థులు పశ్చిమ బెంగాలుకు వచ్చినారు. బన్‌గావ్ శిబిరములో కలరా చెలరేగినది. సెలైన్ సీసాలు అయిపోవచ్చినవి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీటిని డ్రమ్ములలో పోయించి, రోగుల బంధువుల చేతనే తాగించినాడు. నూటికి సుమారు 30గా ఉన్న మరణములు 4కు లోపునకు దిగినవి.  ఆయన 2022లో మరణించినాడు.

దీనిలోని కీలకము చిన్నది. ప్రేగు గోడలో గ్లూకోజు సోడియమును వెంటబెట్టుకొని లోపలికి పోతుంది, వాటి వెంట నీరు పోతుంది. విరేచనములలో కూడ ఈ ద్వారము మూయబడదు. కనుక ఓఆర్ఎస్‌లో చక్కెర బలము కొరకు కాదు, ఉప్పును లోపలికి తీసుకొనిపోవుటకు. పాళ్లు తప్పితే పని చెడుతుంది. చక్కెర ఎక్కువైతే విరేచనములు పెరుగుతవి.

ఇంటిలో చేయవలసినది

లీటరు పొట్లమును సరిగా లీటరు కాచి చల్లార్చిన నీటిలో మొత్తము ఒకేసారి కలపవలెను. సగము పొట్లము, సగము నీరు అని చేయరాదు. 24 గంటలు దాటితే పారబోయవలెను. రెండేండ్ల లోపు బిడ్డకు ప్రతి విరేచనము తరువాత 50 నుండి 100 మిల్లీలీటర్లు, పెద్ద పిల్లలకు 100 నుండి 200 చెంచాతో, గుక్క గుక్కగా పట్టవలెను. వాంతి అయితే పది నిమిషములు ఆగి మరల నెమ్మదిగా ఇవ్వవలెను. తల్లిపాలు మానరాదు, తిండి మానరాదు. జింకు మాత్రలు 14 దినములు ఇవ్వవలెను. పొట్లము లేకుంటే లీటరు నీటికి ఆరు సమమైన చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపవచ్చును. కొబ్బరినీళ్లు మంచివే గాని వాటిలో సోడియం తక్కువ, కనుక ఓఆర్ఎస్‌కు బదులు కావు.

కొనేటప్పుడును జాగ్రత్త కావలెను. ఓఆర్ఎస్ అని పేరు పెట్టి చక్కెర పానీయములను డబ్బాలలో అమ్ముచుండగా, హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏండ్ల తరబడి పోరాడినది. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ అట్టి పానీయములపై ఆ పేరు వాడరాదని ఆదేశించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రము ప్రకారమని వ్రాసియున్న పొట్లమునే అడగండి.

బిడ్డ తాగలేకపోయినా, కండ్లు లోతుకు పోయి మగతగా ఉన్నా, పొట్ట చర్మమును పట్టి విడిచితే ముడత నెమ్మదిగా పోయినా, ఆరు గంటలుగా మూత్రము రాకున్నా, విరేచనములో రక్తమున్నా ఆలస్యము చేయక ఆసుపత్రికి రండి. దారిలో కూడ, స్పృహ ఉండి తాగగలిగితే, చెంచాతో పట్టుతూనే రండి. ఈ ఒక్క మాట గుర్తుంటే చాలును.

సంఘమునకు మా మనవి ఒకటే. రోగిని చూడబోయేటప్పుడు “సీసా ఎక్కించినారా?” అని అడుగుట మానండి. “ఏమి తాగుచున్నాడు? మూత్రము వచ్చినదా?” అని అడగండి. స్త్రీల సమాజము వారు ప్రతి వాడలో ఒక ఇంటిలో పది ఓఆర్ఎస్ పొట్లములు, లీటరు కొలత గల ఒక పాత్ర ఉంచి, ఆ ఇల్లు ఏదో అందరికి తెలియజేయవలెను. కలుపుట నేర్పుటకు పిలిచితే మేము సంతోషముగా వస్తాము.