కొర్రబువ్వ, పసరుమందు, కొన్ని ప్రశ్నలు

సిద్దిపేట అంగడిలో నేడు కొర్రలు మెరయు పొట్లములలో దొరకుచున్నవి. పొట్లముపై తూకము ఉండును, ధర ఉండును. అమ్మువారి నోట ఇంకొక సంగతి కూడ వినబడుచుండును. ఈ ధాన్యము తిన్నవారికి చక్కెరవ్యాధి మానునట, మాత్రలతో పని ఉండదట, క్యాన్సరు దరిచేరదట. ఇదే కొర్రను, ఇదే జొన్నను మన పెద్దలు మందు అని పిలువలేదు. జొన్నగటుక, అంబలి, రొట్టె వారి నిత్యభోజనము. వరియన్నము పండుగకు, పెండ్లికి. బోరుబావులు వచ్చి కొంత, 2020లో రంగనాయకసాగరము, కొండపోచమ్మసాగరము నిండి మరికొంత, మెట్టచేలు వరిమళ్లయినవి. చేనినుండి మనము పంపివేసిన ధాన్యము ఇపుడు అంగడి దారిన, హెచ్చు ధరకు, ఇంటికి తిరిగి వచ్చుచున్నది. తిండిగా వచ్చినచో మాకు సంతోషమే. మందుగా వచ్చుచున్నది గనుకనే నాలుగు మాటలు చెప్పవలసియున్నది.

శ్రోతలు మాకు వ్రాయు జాబులలో ఒక ప్రశ్న మరల మరల కనబడుచుండును: "కొర్రలు మొదలుపెట్టితిమి, ఇక మాత్రలు మానవచ్చునా?" మానరాదు. ఏల మానరాదో వివరింతుము.

మొదట కొర్ర గొప్పతనమును ఒప్పుకొందము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ప్రకటించిన పోషకవిలువల పట్టికలో 100 గ్రాముల కొర్రలకు మాంసకృత్తులు 12.3 గ్రాములు, పీచు 8 గ్రాములు అని ఉన్నది. పాలిషు పట్టిన బియ్యమునకు మాంసకృత్తులు 6.8, పీచు 0.2 గ్రాములు మాత్రమే. రాగులలో కాల్షియము 344 మిల్లీగ్రాములు, బియ్యములో 10. ఇవి చిన్న తేడాలు కావు. అయితే అదే పట్టికలో పొట్లము అమ్మువారు చదివి వినిపింపని అంకె ఒకటి కలదు. 100 గ్రాముల బియ్యము 345 కిలోకేలరీల శక్తినిచ్చును. కొర్రలు 331 ఇచ్చును. కావున "కొర్రలు ఎంత తిన్నను ఒళ్లు రాదు" అను మాట పట్టిక ముందు నిలువదు.

చక్కెర సంగతి చూతము. ఒకనాడు మెదక్ జిల్లాలోనిదై, నేడు సంగారెడ్డి జిల్లాలో ఉన్న పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు, ఇతర సంస్థలవారితో కూడి, చిరుధాన్యములపై అంతకుముందు జరిగిన అనేక పరిశోధనలను ఒకచోట చేర్చి 2021లో ఫలితములు ప్రకటించిరి. చిరుధాన్యములు నిత్యము తిన్న మధుమేహరోగులలో రక్తములోని చక్కెర నూటికి 12 నుండి 15 వంతులు తగ్గినదని వారు తేల్చిరి. ఇది చిరుధాన్యములకు అనుకూలమైన లెక్కయే. దానినే పట్టుకొని కూడిక, తీసివేత చేయుదము. 300 చూపుచున్న మనిషికి నూటికి 15 వంతులు తగ్గిన 255 మిగులును. 255 ఆరోగ్యము కాదు. కన్ను, మూత్రపిండము, పాదము ఆ అంకె వద్ద మెల్లమెల్లగా చెడుచునే యుండును. ఇక ఇన్సులిన్‌పై ఆధారపడిన పిల్లల మాట వేరు. 1922 జనవరిలో టొరంటో నగరమున ఒక బాలునికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చుటకు పూర్వము, ఆ రకపు వ్యాధి వచ్చిన పిల్లలు ఏడాది రెండేండ్లకు మించి బ్రదుకుట అరుదు. వారికి సూది మాన్పించి గంజి త్రాగించుట ఎట్టి పనియో మేము వేరుగ చెప్పనక్కరలేదు.

జొన్నను గూర్చి ఈ ప్రాంతమువారు తెలిసికొనవలసిన పాత కథ యొకటి కలదు. 1918లో కూనూరులో పుట్టిన పోషకాహార పరిశోధనశాల 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. ఇక్కడి ఆసుపత్రులకు ఒక విధమైన రోగులు వచ్చుచుండిరి. ఎండ తగిలిన చేతులు, మెడ నల్లబడి చర్మము పెచ్చులూడుట, విరేచనములు, మనసు క్రుంగిపోవుట వారి లక్షణములు. ఆ వ్యాధి పేరు పెల్లాగ్రా. అది మొక్కజొన్న తప్ప వేరు తిండిలేని అమెరికా, ఐరోపా బీదలకు వచ్చు జబ్బని అంతవరకు పేరు. ఇక్కడ వచ్చినదో, జొన్న తప్ప వేరు తిండిలేని దక్కను బీదలకు. డాక్టరు కొలుతూరు గోపాలన్, డాక్టరు శ్రీకాంతియా 1960లో లాన్సెట్ పత్రికలో దీనిని గూర్చి వ్రాయుచు, జొన్నలో హెచ్చుగా ఉన్న ల్యూసిన్ అను పదార్థము కారణమని సూచించిరి. ఆ సిద్ధాంతమును తరువాతివారు అందరును ఒప్పుకొనలేదు. రోగులు మాత్రము నిజము, వారి కంచములోని జొన్న నిజము. పప్పు, ఆకుకూర, పాలు, అప్పుడప్పుడు మాంసము తోడైన ఇంట అదే జొన్న ఎవరికిని కీడు చేయలేదు. జొన్న నాడు విషమును కాదు, నేడు అమృతమును కాదు. ప్రక్కన ఏమి వడ్డించితిరన్నదే ప్రశ్న.

ధాన్యము నుండి పసరునకు వత్తము. కామెర్లకు పసరు పోయువారు మన జిల్లాలలో పలుచోట్ల ఉన్నారు. పరగడుపున రమ్మందురు, ఉప్పు, కారము, నూనె మానుమందురు. రోగి కొన్ని వారములకు కోలుకొనును. ఇందు అబద్ధమేమియు లేదు. అయితే నీటి ద్వారా వచ్చు సాధారణపు కామెర్లు ఒక వైరసు వలన కలుగును. జ్వరము, వాంతులు ముందు వచ్చి, కన్ను పచ్చబడునప్పటికి ఆ వ్యాధి చాలవరకు దారి నడచియే యుండును. పసరు త్రాగినను, మజ్జిగ త్రాగినను, రోగులలో దాదాపు అందరును కొన్ని వారములలో తమంతట లేచి తిరుగుదురు. పసరు గిన్నె సరిగా ఆ మలుపు వద్ద ఎదురువచ్చి పేరంతయు తాను తీసికొనును. కాని కామెర్లన్నియు ఒకటి కావు. పిత్తాశయములో రాయి అడ్డుపడినను కన్ను పచ్చబడును. బి-రకపు వైరసు వలనను పచ్చబడును. గర్భిణికి ఈ-రకపు వైరసు సోకినచో ప్రాణాపాయము. వీరికి పసరుతో గడచిన వారము పోయిన వారమే. కోలుకొన్నవాడు కొబ్బరికాయతో పసరువైద్యుని వాకిటికి వచ్చును. కోలుకొననివాడు రాడు. కనుక ఆ వాకిట నిలబడి లెక్కించిన, మందు ఎప్పుడును నూటికి నూరుపాళ్లు పనిచేసినట్లే కనబడును.

కుక్కకాటు పసరు కూడ ఇట్టిదే. కరచిన కుక్కలలో పెక్కింటికి పిచ్చి ఉండదు గనుక పసరు గెలుచుచుండును. పిచ్చి ఉన్న కుక్క కరచిననాడు రోగలక్షణము కనబడిన మీదట ఏ వైద్యుడును చేయగలిగినది దాదాపు ఏమియు లేదు. ఆ సూదిమందు సర్కారు దవాఖానలో ఉచితము.

2021 మే నెలలో ఇదే లెక్క దేశమంతయు చూచుచుండగా జరిగినది. కోవిడ్ రెండవ విడత ఉధృతముగా ఉన్న దినములు. నెల్లూరు జిల్లా కృష్ణపట్నములో బొనిగి ఆనందయ్యగారు ఇచ్చు మందు కొరకు వేలకొలది జనము తరలిపోయిరి. ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు కంటిచుక్కలు వేయించుకొని తేరుకొంటినని చెప్పిన దృశ్యము చేతి ఫోనులన్నిటికి చేరినది. కొలది దినములకే ఆయన ఆసుపత్రిలో మరణించిరి. చుక్కలే చంపినవని మేమనము. ఆ మాటకును ఋజువు కావలెను. దృశ్యము చూచి బయలుదేరినవారికి రెండవ వార్త అప్పటికి పుట్టనేలేదన్నదే మేము గమనింపుమనునది. ఆ నెల చివర రాష్ట్ర ప్రభుత్వము, మందు వలన కీడు కనబడలేదనియు, కోవిడ్‌ను మాన్పుననుటకు ఆధారము లేదనియు చెప్పి, కంటిచుక్కలను తప్ప తక్కినవానిని అనుమతించినది. ఆ వాక్యపు మొదటి సగమునే జనము విన్నారు.

నాటుమందుపై మాకు ద్వేషమని కొందరు అనుకొనవచ్చును. సర్పగంధి మన నాటుమందే గదా! బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ ఆ వేరును రక్తపోటు గల 50 మందికి ఇచ్చి, ముందు ఎంత, తరువాత ఎంత అని కొలిచి, 1949లో బ్రిటిషు హృద్రోగ పత్రికలో ప్రకటించిరి. 1952లో దానినుండి రెసర్పిన్ అను పదార్థమును వేరుచేసిరి. ప్రపంచమంతయు దానిని వాడినది. మనసు క్రుంగుట మొదలగు చెడుగులు కనబడిన మీదట వాడుక తగ్గించినది. పరీక్షకు నిలిచినది, దోషము బయటపడినది, రెండును లెక్కలోకి ఎక్కినవి.

"ఆకే గదా, కీడేమి చేయును?" అనువారికి తిప్పతీగ సంగతి. మన కంచెలకు అల్లుకొను తీగయే. కోవిడ్ దినములలో రోగనిరోధకశక్తికని కషాయము కాచి నెలల తరబడి త్రాగినవారిలో కాలేయము చెడిన రోగులను 2021లో ముంబయి వైద్యులు పత్రికకెక్కించిరి. ఆయుష్ మంత్రిత్వశాఖ ఆ నిర్ణయమును ఆక్షేపించినది. మరుసటి సంవత్సరము దేశములోని 13 ఆసుపత్రులనుండి అట్టి రోగులు 43 మంది వివరములు వెలువడినవి. తీగ త్రాగినవారిలో కోటికి ఎందరికి ఇట్లగునో ఆ అంకె చెప్పదు. "ఎవరికిని కాదు" అను మాటను మాత్రము కొట్టివేయును.

మధుమేహము, క్యాన్సరు, పక్షవాతము మాన్పుదుమని ప్రకటించుటను నిషేధించు చట్టము 1954 నుండియు ఉన్నది. అది ప్రకటనను ఆపగలదు. బావమరది ఫోనునుండి వచ్చు సందేశమును ఆపజాలదు.

ఇక కొర్రలు తినదలచిన మధుమేహరోగి ఏమి చేయవలెను? తినవలెను. బియ్యము కొలుచు గిద్దెతోనే కొర్రలను కొలువవలెను, తవ్వతో కాదు. మెత్తని పిండిగా ఆడించి గంజి కాచిన చక్కెర వేగముగ పెరుగును. గింజగానే వండుకొనుట మేలు. మొదలుపెట్టుటకు ముందే మూడు నెలల సరాసరి తెలుపు హెచ్‌బీఏ1సీ అను రక్తపరీక్ష చేయించి, ఆ కాగితమును దాచవలెను. మాత్రలు యథాప్రకారము వేసికొనవలెను. నడుమ ఒళ్లు తూలుట, చెమటలు పట్టుట కనబడిన, చక్కెర మరీ తగ్గియుండవచ్చును. వెంటనే వైద్యునికి చెప్పవలెను. మూడు నెలలకు అదే పరీక్ష మరల చేయించి, రెండు కాగితములును ఆయన బల్లపై ఉంచవలెను. అంకె తగ్గియున్నచో మాత్రను ఆయనయే తగ్గించును. నెలకే తొందరపడి చేయించిన పరీక్షలో చాలభాగము పాత సంగతియే కనబడును. రక్తములోని ఎర్రకణము సుమారు 120 దినములు బ్రదుకును గదా.