మా అమ్మ చేట, ఒక ఇంగ్లీషు మాట

పట్టాలు అందుకోబోతున్న పిల్లలూ, వెనక వరసల్లో కూర్చున్న అమ్మానాన్నలూ! ఎండ ముదురుతోంది కాబట్టి మర్యాదలు పక్కన పెట్టేస్తాను.

34 ఏళ్ళు డిగ్రీ కాలేజీల్లో ఇంగ్లీషు పాఠం చెప్పాను. ఈ రోజు ఒకే ఒక్క మాట గురించి మాట్లాడాలని వచ్చాను. డిస్క్రీట్. కంప్యూటర్ సైన్సు వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. మీరు డిస్క్రీట్ మ్యాథమెటిక్స్‌లో చదివిన మాట కాదమ్మా ఇది, దాని తోబుట్టువు. పలకడంలో తేడా లేదు, స్పెల్లింగులో చివరి రెండక్షరాలు అటూ ఇటూ అయ్యాయి, అంతే. మీ మాటకు విడివిడిగా ఉన్నదని అర్థం. నా మాటకు ఆచితూచి నడుచుకునే మనిషని అర్థం. 16వ శతాబ్దం దాకా రెండూ ఒకే మాట. ఎవరికి తోచిన స్పెల్లింగు వాళ్ళు రాసుకునేవారు. ఆ తర్వాతే అవి వేరు కాపురాలు పెట్టాయి.

ఈ మాట ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. పుట్టిల్లు మాత్రం లాటిన్. అక్కడ కెర్నెరె అంటే జల్లించడం. ముందు ‘డిస్’ చేరితే విడదీసి చూడటం. జల్లెడకు లాటిన్‌లో వాడే క్రిబ్రుమ్ అన్న పేరు కూడా ఈ కుదురులోదే. కోర్టు డిక్రీ, మీరు చెవుల్లో చెప్పుకునే సీక్రెట్ ఆ కుటుంబంలోవే. తేల్చి చెప్పింది డిక్రీ, పక్కకు తీసి పెట్టింది సీక్రెట్.

ఇది చదివిన రోజు నాకు మా అమ్మ చేట గుర్తొచ్చింది. రేషను బియ్యం తెచ్చిన సాయంత్రం అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చునేది. చేటను పైకి ఎగరేసి, పడే గింజలను పట్టుకుంటూ, మధ్యలో వేలితో అంచు మీద టకటకా కొట్టేది. ఊక గాలికి పోయేది. నూకలు ఒక పక్కకు జారేవి. బియ్యం నడుమ నిలిచేవి. అప్పుడు తల వంచి మట్టిబెడ్డలు ఒక్కొక్కటే ఏరేది. నూకల్ని పారేసేది కాదు, ఉప్మాకు దాచేది. ఊక మీద కూడా ఆవిడకు కోపమేమీ లేదు. దేని చోటు దానికి చూపించేది, అంతే. సంస్కృతంలో వివేకం అన్న మాట విప్పి చూడండి. ‘విచ్’ అంటే వేరుచేయడం. ‘వి’ చేరిన ఆ ధాతువును ధాన్యం చెరగడానికీ వాడారు. విచక్షణలో ఉన్నదేమో చూపు, విడివిడిగా చూడటం. ఎక్కడి లాటిను, ఎక్కడి సంస్కృతం! రెండు చోట్లా మనుషులు బుద్ధికి పేరు వెతుక్కుంటూ గింజల దగ్గరికే వెళ్ళారు.

మధ్యయుగాల ఐరోపాలో ఈ గుణానికి, అంటే డిస్క్రీషన్‌కు, పెద్ద పీట ఉండేది. 6వ శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్ట్ అనే సన్యాసి మఠాలకు నియమావళి రాస్తూ, మఠాధిపతికి ఇది సద్గుణాలన్నిటికీ తల్లి అన్నాడు. బైబిల్లో యాకోబు తన మందను తోలడం గుర్తుచేశాడు. ఒక్కరోజు అతిగా తోలితే మంద మొత్తం చచ్చిపోతుందని భయపడ్డవాడు యాకోబు. ఎవరు ఎంత నడవగలరో చూసి నడిపించమని బెనెడిక్ట్ చెప్పడం.

ఆ తర్వాత 1215లో పోపు మూడవ ఇన్నోసెంట్ రోములో మహాసభ పెట్టాడు. అందులో 21వ నియమం నాకు చాలా ఇష్టం. బుద్ధెరిగిన వయసు వచ్చిన ప్రతి క్రైస్తవుడూ ఏడాదికి ఒక్కసారైనా పాప నివేదన చేసుకోవాలి. ఆ వయసును లాటిన్‌లో డిస్క్రీషన్ ఏళ్ళనే పిలిచారు. వినే పూజారి కూడా డిస్క్రీట్‌గా ఉండాలి. ఎలాగట? గాయం చూసి మందు వేసే నేర్పరి వైద్యుడిలాగ. చేసినవాడెవరు, ఏ పరిస్థితిలో చేశాడు అని అడిగి తెలుసుకోవాలి. విన్న రహస్యం బయటపెడితే పూజారి పదవి పోతుంది, మఠంలో బతుకంతా ప్రాయశ్చిత్తం చేసుకోవాలి. ముందు అడగాలి, ఆ తర్వాత దాచాలి. ఇవాళ మనం ఆ రెండోదాన్ని మాత్రమే ఉంచుకున్నాం. డిస్క్రీట్ అంటే నోరు మూసుకోవడం అయిపోయింది.

ఇక్కడే నా బాధ. మీరు కొంచెం ఓపిక పట్టాలి.

1980లలో, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, పరీక్షల్లో కాపీ వ్యవహారం ఒకటి వచ్చింది. ఇద్దరు కుర్రాళ్ళు, ఒకే జవాబు, తప్పులతో సహా. విచారణ కమిటీలో అందరికంటే చిన్నదాన్ని నేను. రెండు పేపర్లూ బల్ల మీద నా ముందే ఉన్నాయి. ఒకదాంట్లో మూడో పేజీలో రెండు వాక్యాలు కొట్టేసి, పక్క మార్జిన్‌లో మళ్ళీ రాసుకున్నాడు. ఒక మాట మూడుసార్లు దిద్దాడు. రెండోది మొదటి నుంచి చివరిదాకా ఒక్క కొట్టివేత లేకుండా ఉంది. ఆలోచించి రాసిందేదో, చూసి రాసిందేదో నాకు తెలిసిపోయింది. మొదటివాడు స్నేహం కొద్దీ పేపరు చూపించాడా, వాడికి తెలియకుండానే రెండోవాడు చూశాడా? ఆ ముక్క పిల్లవాణ్ణి పిలిచి అడిగితే సరిపోయేది. ఇద్దరినీ డిబార్ చేస్తే గొడవ వదిలిపోతుందని పెద్దలు అన్నారు. నేను సంతకం పెట్టాను. బయటికి వస్తుంటే ఒక సీనియర్ మెచ్చుకున్నారు: “కొత్తదానివైనా చాలా డిస్క్రీట్‌గా ఉన్నావమ్మా.”

ఆ రాత్రి నిఘంటువు తీశాను. అప్పటి నుంచి ఈ మాట నన్ను వదల్లేదు.

ఆ మొదటి పిల్లవాడు టీసీ తీసుకోవడానికి వచ్చిన రోజు స్టాఫ్ రూము గుమ్మం దాకా వచ్చి, “వెళ్ళొస్తాను మేడం” అని నమస్కారం పెట్టాడు. అప్పుడైనా నేను లేచి అడగలేదు.

14వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషు కవి ఛాసర్ తన కాంటర్‌బరీ టేల్స్ ముందుమాటలో డిస్క్రీట్ అన్న ఈ మాటను ఇద్దరికి వాడాడు. ఒకడు పెద్ద లాయరు. డిస్క్రీట్ అంటూనే, అలా కనిపించేవాడని వెంటనే ఒక మెలిక పెట్టాడు. ఇంకొకడు పల్లెటూరి పేద పాస్టరు. చెప్పేటప్పుడు డిస్క్రీట్, మెత్తనివాడు. కానీ మొండికేసినవాణ్ణి, గొప్పింటివాడైనా కటువుగా మందలించేవాడు. ఈ పాస్టరును ఏళ్ళ తరబడి క్లాసులో పాఠం చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఆ మార్జిన్‌లోని చేతిరాత కళ్ళ ముందు కదిలేది.

మిమ్మల్నీ నాలుగు మాటలు అనక తప్పదు. “మనకెందుకొచ్చిన గొడవ” అన్న మాట మీ నోట ఎంత తేలిగ్గా వస్తుందర్రా! కళ్ళెదుట అన్యాయం జరిగితే మీకు మాట పెగలదు. అదే చేతిలో ఫోనుంటే, “ఆ ఊరివాళ్ళంతా ఇంతే, ఆ కులంవాళ్ళంతా ఇంతే” అన్నదాన్ని చదివీ చదవకుండా పదిమందికి పంపుతారు. గంపెడు గింజల్ని ఒక్క దెబ్బకు ఊక అనేస్తే ఎలా? చేట కింద పెట్టేశారు మీరు. తీసుకోండి, చేతులు నొప్పి పుట్టినా సరే, చెరగండి.

రిజిస్ట్రారు గారు పట్టాలతో సిద్ధంగా ఉన్నారు. వేళ చాలదు కాబట్టి బ్రాంచీల వారీగా గుంపుగా నిలబెట్టి ఇచ్చేద్దామన్నారు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలవాలని నిన్ననే వారిని బతిమాలుకున్నాను. ఒప్పుకున్నారు. ఆలస్యమవుతుంది. అమ్మానాన్నలు మంచినీళ్ళు తాగి కూర్చోండి.