మన ఊరి ఆదాయ వ్యయాలు



ఇప్పుడే పంచాంగ శ్రవణంలో మన మన రాశుల ఆదాయ వ్యయాలు విన్నాము. మన ఊరిగాం లెక్క కూడ ఒకసారి చూచుకొందాము.

ముందు ఆదాయం. 1880లో జాన్ టైలర్ కంపెనీవారు గనుల పని చేపట్టిన పిదప చిత్తూరు సీమనుండి మనవారు, ఆర్కాటు జిల్లాలనుండి తమిళులు వచ్చి తడికెల గుడిసెలలో కాపురాలు పెట్టారు. 1894లో రైలు వచ్చింది. 1902లో శివసముద్రం కరెంటు, బెంగుళూరు నగరానికంటె మూడేండ్లు ముందుగా, మన గనులకు చేరింది. బేతమంగలంనుండి నీరూ వచ్చింది.

ఇక వ్యయం. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడ్డాయి. పని పోయింది గాని జనం పోలేదు. 2011 లెక్కలలో రాబర్ట్‌సన్‌పేటతో కూడిన మన పట్టణ జనాభా 1,60,000 పైచిలుకు. ఇండ్లు ఇక్కడ, జీతాలు బెంగుళూరులో. ఆనాడు మనుషులను పనికి తెచ్చిన రైలే ఈనాడు తెల్లవారకముందే మన పిల్లలను పనికోసం బయటికి తీసికొనిపోతున్నది.

కనుక తమిళ, కన్నడ సోదరులతో కలసి మూడు కోరుదాము: పాత లైను ఇండ్లకు మరమ్మతు, తాగేందుకు నీరు, ఊరిలోనే పని. మొదటి రెండూ దక్కి మూడవది దక్కకపోతే, ఇది రాత్రి నిద్రించి పోయే సత్రమే అవుతుంది.