పాత ఆటపెట్టె గొంతు: లోపాన్ని వెతికే పద్ధతి



ఓమ్ నియమం మీరందరూ చదువుకున్నదే. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే. ఆ నియమాన్ని సమయానికి మరచిపోయి నేను ఒక మంచి బోర్డును ఎలా గాయపరిచానో, అది గుర్తుకు వచ్చాక అదే బోర్డు ఎలా బాగుపడిందో ఈనాటి పాఠంలో చెబుతాను. మన పాఠ్యాంశం పాత వీడియో గేమ్ యంత్రంలో శబ్ద లోపాన్ని కనుగొనే పద్ధతి.

పుదుచ్చేరి పట్టణంలో సారం అనే పేట ఉంది. యానాం నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన ఒక తెలుగు కుటుంబం ఇంట్లో నిలువెత్తు ఆటపెట్టె ఒకటి ఉంది. ఆ ఇంటి పెద్దాయన ఒకప్పుడు వీడియో గేమ్‌ల దుకాణం నడిపేవారు. దుకాణం మూసేశాక మిగిలింది ఈ పెట్టె ఒక్కటే. నన్ను పిలిపించి, "బాబూ, బొమ్మ బాగానే వస్తోంది. చిన్న చిన్న శబ్దాలూ వస్తున్నాయి. పేలుడు వచ్చినప్పుడే గొంతు పగిలిపోతోంది. నీ వల్ల కాదంటే చెప్పు, వచ్చే వారం పాత సామాన్ల అతనికి ఇచ్చేస్తాం" అన్నారు. ఆయన మాటల్లోనే జవాబు ఉంది. నేను వినలేదు. ఆ సంగతికి తరువాత వద్దాం.

శబ్దం ఏ దారిన వస్తుంది?

ముందుగా శబ్దం పుట్టే చోటు నుంచి స్పీకరు దాకా ఉన్న దారిని తెలుసుకోవాలి. 1978లో జపాన్‌కు చెందిన టైటో కంపెనీ 'స్పేస్ ఇన్వేడర్స్' అనే ఆటను విడుదల చేసింది. అందులో తుపాకి శబ్దానికి ఒక వలయం, పేలుడుకు మరొక వలయం, ఎగిరే పళ్లేనికి ఎస్.ఎన్.76477 అనే చిప్పు ఉండేవి. ప్రాసెసర్ వాటిని 'ఇప్పుడు మోగు' అని ఆదేశించేది, అంతే. కాబట్టి ఒక్క శబ్దం మాత్రమే రాకపోతే లోపం చాలావరకు ఆ ఒక్క వలయంలోనో, దానికి ఆదేశం అందే దారిలోనో ఉంటుంది.

తరువాతి కాలంలో సంగీతాన్ని ప్రత్యేక చిప్పులు పుట్టించసాగాయి. 1991 నాటి 'స్ట్రీట్ ఫైటర్ 2'లో సంగీతానికి యమహా వారి వై.ఎం.2151, ముందే నమోదు చేసిన అరుపులు వంటి వాటికి ఓకీ కంపెనీ చిప్పు ఉన్నాయి. అరుపులు వినిపిస్తూ సంగీతం మాత్రం ఆగిపోతే స్పీకరును, యాంప్లిఫయర్‌ను అనుమానించనక్కరలేదు. అవి పనిచేస్తున్నాయని ఆ అరుపులే చెబుతున్నాయి. రెండు శాఖలూ కలిసే చోటుకు ముందు, సంగీతం వచ్చే శాఖలో వెతకాలి.

చిప్పు నుంచి వచ్చే అంకెలు డిజిటల్-అనలాగ్ మార్పిడి చిప్పులో సంకేతంగా మారతాయి. ఆ సంకేతం చిన్న వర్ధకం, వాల్యూమ్ నియంత్రణ, పవర్ యాంప్లిఫయర్‌ల మీదుగా స్పీకరుకు చేరుతుంది. ఈ దారిలో ఎనిమిది మజిలీలు ఉన్నాయనుకోండి. ఒక్కొక్కటే చూస్తూ పోతే ఏడు పరీక్షలు అవసరం కావచ్చు. మధ్యలో పరీక్షించి, ఏ సగంలో లోపం ఉందో తేల్చి, ఆ సగాన్ని మళ్లీ సగం చేస్తూ పోతే మూడు పరీక్షలు చాలు. చాలా యంత్రాల్లో ఆ మధ్య స్థానం వాల్యూమ్ నియంత్రణ.

ఒక హెచ్చరిక

పెట్టెలోని పిక్చర్ ట్యూబ్‌లో ఇరవై వేల వోల్టులకు పైగా ఉండవచ్చు. స్విచ్ ఆపిన తరువాత కూడా ఆ విద్యుదావేశం నిలిచి ఉంటుంది. 230 వోల్టుల తీగలు కూడా లోపలే ఉంటాయి. అందుచేత అనుభవం ఉన్న పెద్దలు దగ్గర లేకుండా వెనుక తలుపు తెరవకండి. బోర్డును వారి చేత బయటికి తీయించి, బల్ల మీద 5, 12 వోల్టుల సరఫరా ఇచ్చి పరీక్షించడం మేలు.

చెవితో చేసే పరీక్షలు

పనిముట్టు పట్టుకోకముందే కొన్ని విషయాలు తేల్చవచ్చు. నాణెం వేయకముందు ఆట మూగగా ఉంటే అది లోపం కాకపోవచ్చు. అనేక బోర్డుల్లో ప్రదర్శన సమయంలో శబ్దం రాకుండా ఆపే చిన్న స్విచ్ ఉంటుంది. ఆట మొదలుపెట్టి చూడాలి.

గుయ్‌మనే రొద వస్తుంటే వాల్యూమ్ పూర్తిగా తగ్గించండి. రొద తగ్గితే అది వాల్యూమ్ నియంత్రణకు ముందు చేరుతోంది. తగ్గకపోతే ఆ తరువాత, అంటే యాంప్లిఫయర్‌లోనో సరఫరాలోనో చేరుతోంది. మన దేశంలో ఏకాంతర విద్యుత్తు పౌనఃపున్యం 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్‌తో పనిచేసే పాత సరఫరాల్లో పూర్తి తరంగ ఏకధిక్కరణి తరువాత అది 100 హెర్ట్జ్ అలగా మారుతుంది. ఆ అలను చదును చేయవలసిన ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఎండిపోతే 100 హెర్ట్జ్ రొద వినిపిస్తుంది.

శబ్దం పలచగా, రేకు మీద కొట్టినట్టు వస్తుంటే యాంప్లిఫయర్‌కు, స్పీకరుకు మధ్యనున్న కెపాసిటర్‌ను లెక్కతో పరీక్షిద్దాం. దిగువ హద్దు పౌనఃపున్యాన్ని ఇచ్చే సూత్రం 1/(2πRC). స్పీకరు 8 ఓములు, కెపాసిటర్ 470 మైక్రోఫారడ్‌లు అయితే హద్దు సుమారు 42 హెర్ట్జ్. కెపాసిటర్ ఎండి 10 మైక్రోఫారడ్‌లకు పడిపోతే హద్దు సుమారు 2000 హెర్ట్జ్‌కు చేరుతుంది. గంభీరమైన శబ్దాలన్నీ కెపాసిటర్ దగ్గరే తగ్గిపోతాయి.

సారంలో జరిగింది

ఇక ఆ పెట్టె సంగతికి వద్దాం. పేలుడుకు గొంతు పగులుతోందంటే స్పీకరు కాగితం చిరిగి ఉంటుందని అనుకున్నాను. కొత్త స్పీకరు పెట్టాను. మార్పు లేదు. అయితే యాంప్లిఫయర్ చిప్పే పోయిందని నిశ్చయించుకుని దాన్ని ఊడదీశాను. సోల్డరింగ్ ఐరన్ వేడి ఎక్కువై బోర్డు మీద రాగి గీత ఒకటి లేచిపోయింది. సన్నని తీగతో దాన్ని అతికించి కొత్త చిప్పు పెట్టాను. పేలుడు వచ్చింది, గొంతు మళ్లీ పగిలింది. మంచి స్పీకరునూ, మంచి చిప్పునూ తీసేశాను. మంచి బోర్డుకు మచ్చ మిగిల్చాను. లోపం మాత్రం ఉన్నచోటే ఉంది.

అప్పుడు పెద్దాయన మాటను మళ్లీ తలచుకున్నాను. 'పేలుడు వచ్చినప్పుడే.' పేలుడు వచ్చినప్పుడు యంత్రంలో ఏం మారుతుంది? యాంప్లిఫయర్ ఎక్కువ కరెంటు లాగుతుంది. నేను 12 వోల్టుల సరఫరాను కొలిచిన మాట నిజమే. కానీ సరఫరా పెట్టె దగ్గర, ఆట నిశ్శబ్దంగా ఉన్నప్పుడు కొలిచాను.

ఈసారి ముల్లు మీటరును బోర్డు మీదే, యాంప్లిఫయర్‌కు 12 వోల్టులు అందే చోట పెట్టి ఆట నడిపించాను. పేలుడు పేలుడుకూ ముల్లు 8 దాకా పడిపోయి మళ్లీ లేచింది. సరఫరా పెట్టె దగ్గర మాత్రం 12 కదలలేదు. అంటే వోల్టేజి దారిలో పోతోంది.

1985లో జపాన్‌లో వచ్చిన 'జమ్మా' ప్రమాణం ప్రకారం బోర్డు అంచున 56 స్పర్శ స్థానాలు, ఒక్కో వైపు 28 చొప్పున ఉంటాయి. 12 వోల్టులు ఆరో స్థానం నుంచి, రెండు వైపులా అందుతాయి. ఈ పెట్టెలో ఆ స్థానాలు నల్లబడి ఉన్నాయి. సముద్రతీరపు పట్టణంలో ఉప్పుగాలి, తేమ లోహానికి చేసే చెరుపు అది.

లెక్క చూడండి. ఆ మురికి నిరోధం 8 ఓములు అనుకుందాం. నిశ్శబ్దంలో కరెంటు 0.05 ఆంపియర్ అయితే నష్టం 0.4 వోల్టు. ఎవరికీ తెలియదు. పేలుడులో కరెంటు 0.5 ఆంపియర్ అయితే నష్టం 4 వోల్టులు. బోర్డుకు మిగిలేది 8. యాంప్లిఫయర్ తరంగం శిఖరాలను తెగ్గోస్తుంది, గొంతు పగులుతుంది. బొమ్మకు కావలసిన 5 వోల్టులు వేరే స్థానాల నుంచి వస్తాయి గనుక బొమ్మ చెక్కు చెదరలేదు.

విద్యుత్తు ఆపి, బోర్డు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. తుప్పు పట్టిన కనెక్టరును మార్చాను. పాత స్పీకరునే తిరిగి బిగించాను. పేలుడుకు పెట్టె చెక్క కూడా అదిరింది. పెద్దాయన ఏమీ అనలేదు. మనవరాలిని పిలిచి ఆట ముందు నిలబెట్టారు.

విద్యార్థులారా, ఈ పాఠంలో మూడు విషయాలు గుర్తుంచుకోండి. యంత్రాన్ని రోజూ వాడే మనిషి చెప్పే మాటను పూర్తిగా వినండి. లోపం కనిపించే క్షణంలోనే, కనిపించే చోటనే కొలవండి. కొలత చెప్పకుండా ఏ భాగాన్నీ ఊడదీయకండి. పాత యంత్రాల భాగాల్లో కొన్ని మళ్లీ తయారు కావు. మనం తొందరలో లేపిన రాగి గీత ఎప్పటికీ మునుపటిలా అతకదు.

అభ్యాసం: పై లెక్కలో శుభ్రం చేశాక నిరోధం 0.1 ఓముకు తగ్గిందనుకోండి. 0.5 ఆంపియర్ కరెంటు వద్ద యాంప్లిఫయర్‌కు అందే వోల్టేజి ఎంత? జవాబు కనుక్కున్నాక మీ ఇంట్లో గరగరలాడుతున్న రేడియో ఉంటే ముందు దాని దగ్గర కూర్చుని, ఎప్పుడు గరగరలాడుతుందో రాసుకోండి. స్క్రూడ్రైవరు సంగతి తరువాత చూద్దాం.