పై ఫ్లాట్ నుంచి నీరు కారుతుంటే

ఉప్పల్, నాచారం అపార్ట్‌మెంట్లలో ఉంటున్నవారికి ఒక ముఖ్యమైన మాట. పైకప్పు నుంచి నీరు కారి లైటునో ఫ్యానునో తాకుతుంటే, ముందు మెయిన్ స్విచ్ ఆపండి. తర్వాత పైవాళ్లతో కలిసి కారణం వెతకండి. కుళాయిలన్నీ కట్టేసినా చుక్కలు ఆగకపోతే లోపం నీళ్ల పైపులో ఉండొచ్చు. స్నానం చేసినప్పుడే కారితే బాత్‌రూమ్ నేలలో నీరు పోయే నహానీ ట్రాప్, టైల్స్ సందులు చూడాలి. కింద రంగు వేస్తే మరక దాగుతుంది గానీ లోపలి ఇనుప చువ్వలకు తుప్పు ఆగదు.

ఫొటోలు తీసి, ఫ్లాట్ యజమానికీ అసోసియేషన్‌కూ రాతపూర్వకంగా తెలపండి. 2016 స్థిరాస్తి నియంత్రణ (రెరా) చట్టం పరిధిలోని భవనమైతే, ఫ్లాట్ అప్పగించిన 5 ఏళ్లలోపు చూపిన నిర్మాణ లోపాన్ని 30 రోజుల్లో బిల్డరే ఉచితంగా సరిచేయాలి. అప్పటికీ తేలకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించండి. లోక్ అదాలత్‌లో కోర్టు ఫీజు ఉండదు.