ఈగ కథానాయకుడైన వేళ

హైదరాబాద్‌లో తార్నాకను ఆనుకొని ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో జంతుశాస్త్రం చదివేవారికి ఈగ ద్విపక్ష వర్గపు, అనగా రెండే రెక్కలు గల కీటకాల వర్గపు ప్రాణి. సమీపాన హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ ప్రయోగశాలల్లో దాని దూరపు చుట్టమైన పండ్ల ఈగ జన్యుశాస్త్ర పరిశోధనకు సాధనం. ఇళ్ళలో మాత్రం దానికి దక్కేది విదిలింపే. అటువంటి అల్పప్రాణిని ఎస్.ఎస్. రాజమౌళి 2012 జులై 6న విడుదలైన ‘ఈగ’ చిత్రంలో కథానాయకుణ్ణి చేయగా, హతుడైన యువకుడు ఈగగా పుట్టి, తనను చంపిన పారిశ్రామికవేత్తపై పగ తీర్చుకొంటాడు. చిత్రమంతా యానిమేషన్ కాదు గాని, ఈగ మాత్రం కంప్యూటర్‌పై బొమ్మకు కదలిక కల్పించే ఆ విద్య నుంచే పుట్టింది.

ఈగ ముఖంలో అధికభాగాన్ని సంయుక్త నేత్రాలు, అంటే వేలాది సూక్ష్మ కటకాల సముదాయాలు, ఆక్రమించి ఉంటాయి. కనుబొమలు లేని ఆ ముఖంలో కోపమో కొంటెతనమో పలికించడం కష్టం గనుక, భావాన్ని కాళ్ళ విదిలింపులోను, తల వంపులోను, రెక్కల కదలికలోను చూపవలసి వచ్చింది. మాటలేని ఆ అభినయమే, పగ కథ కన్న మిన్నగా, పిల్లలను సైతం ఆకట్టుకొన్నదనాలి. 60వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ‘ఈగ’ ఉత్తమ తెలుగు చిత్రంగా ఎంపిక కాగా, స్పెషల్ ఎఫెక్ట్స్ పురస్కారం ఆ చిత్రానికి వాటిని సమకూర్చిన మకుట సంస్థకు లభించింది.