కాడిపుండు: మానుట, మచ్చపడుట
(జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల రైతులకు ఉపన్యాసము)



వేములవాడ రాజన్నకు కోడెను కట్టి మ్రొక్కు చెల్లించుట ఈ సీమ రైతుల యాచారము. దేవుని సన్నిధిని ఇట్లు గౌరవము పొందు జాతి, దుక్కినాడు మెడపై పచ్చిపుండుతో కాడి మోయుట తగదు. ట్రాక్టర్లు వచ్చినను ఎద్దులతో దున్నువారును, బండి తోలువారును నేటికిని గలరు. వారికి కాడిపుండు వలన పశువునకు బాధ, సేద్యమునకు నష్టము.

గాయమును మాన్పునది ముఖ్యముగా పశువు శరీరమే. మందు ఆటంకములను తొలగించి తోడ్పడును. మొదట నెత్తురు గడ్డకట్టును. కొన్ని దినములు వాపు, వేడిమి యుండును. పిదప ఎఱ్ఱని క్రొత్తకండ పుట్టును. అంచులనుండి చర్మము దానిపై ప్రాకును. తుదకు మచ్చ యేర్పడి, నెలల తరబడి గట్టిపడుచుండును.

పుండు మూసికొనుట వేఱు, గట్టిపడుట వేఱు. మూడు వారములనాటికి మచ్చకు మొదటి చర్మపు బలములో సుమారు నాలుగవ వంతే యుండును. ఎన్ని నెలలు గడచినను నూటికి 80 పాళ్లకు మించదు. లోతైన గాయపు మచ్చపై వెండ్రుకలు మరల మొలవవు. కావున పైకి మూసికొన్నదని మఱునాడే కాడి వేసినచో మరల చిట్లును. చిట్లినకొలది మచ్చ దళసరియగును. ఎద్దు కాడికి మెడ నీయదు.

మానుటకు ఆటంకములు ఇవి:

1. కాడి ఒరపిడి.
2. మురికి, చీము, ఈగలు, పురుగులు.
3. వానలో మెడ నానుచుండుట.
4. మేత చాలకుండుట. క్రొత్తకండకు మాంసకృత్తులు కావలయును. పచ్చిమేత, తెలకపిండి మేలు.
5. ముసలితనము, ఇతర వ్యాధులు.

చేయవలసిన పని యేమనగా, కాడి వెంటనే దింపవలెను. కాచి చల్లార్చిన లీటరు నీటిలో 9 గ్రాముల ఉప్పు కలిపి పుండును మెల్లగా కడుగవలెను. ఈగలు వ్రాలకుండ పుండు చుట్టును వేపనూనె పూయవచ్చును. పేడ, బూడిద, మన్ను పెట్టరాదు. ధనుర్వాతపు క్రిములు మన్నులోను పేడలోను ఉండును. వాపునకు వాత పెట్టుట మఱియొక గాయము చేయుటయే. పురుగులు పడినను, చీము పట్టినను, మేత మానినను పశువైద్యుని పిలువవలెను. కోరుట్లలో పశువైద్య కళాశాలయే గలదు.

కొడవలి తెగిన మనుష్యునకును ఇదియే సూత్రము. శుభ్రము, విశ్రాంతి, ఆహారము కావలయును. ధనుర్వాతపు టీకా విషయమై వైద్యుని తప్పక అడుగవలెను.

పుండు రాకుండ చూచుట అన్నిటికంటె సులభము. కాడిమాను నునుపుగా నుండవలెను. ఎత్తు సరిపోయిన ఎద్దులనే జత కట్టవలెను. క్రొత్త కోడెకు పని కొద్దికొద్దిగా పెంచవలెను. ప్రతిదినము కాడి దింపగనే మెడను చేతితో తడవి చూడవలెను. వేడిగా నున్నను, వెండ్రుకలు రాలినను ఆ యెద్దునకు నాటినుండియే విశ్రాంతి నీయవలెను. ఆనాడు రెండు దినములు ఆపినవాడు పిదప రెండు నెలలు ఆపవలసిన పని యుండదు.